తామరతూడు దారాలు: నీటిమొక్కల దారువుపై ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 28

ప్రాక్టికల్ తరగతిలో ఏటా ఒకే వాక్యం చెబుతూ వచ్చాను: "నీటిమొక్కలలో దారువు క్షీణించి ఉంటుంది." దారువు అంటే మొక్కలో నీళ్ళను మోసే కణజాలం. హైడ్రిల్లా కాండం అడ్డుకోతను సూక్ష్మదర్శిని కింద పెట్టి, మధ్యలో కనిపించే ఖాళీని చూపించి, రికార్డులో బొమ్మ వేయించి ముగించేవాణ్ణి. ఈసారి ఒక విద్యార్థిని లేచి, "తామరతూడు విరిస్తే సాగే దారాలు మొక్కలో ఏ భాగం సార్?" అని అడిగింది. అవి దారువులోని నీటి గొట్టాల లోపలి గోడకు ఉండే సర్పిలాకారపు (స్ప్రింగులా చుట్టుకున్న) మందాలేనని నాకు తెలుసు. అయితే దారువు క్షీణించిందని అప్పుడే చెప్పిన నేను, కంటికి కనబడేంత పొడవున సాగే ఆ దారం దారువుదేనని ఎలా చెప్పాలో తెలియక, వచ్చే వారం చూద్దామన్నాను. ఆ ప్రశ్నకు మాటతో కాక స్లైడ్లతో జవాబు చెప్పాలనే ఉద్దేశంతో ఇద్దరు విద్యార్థులతో కలిసి ఈ పని మొదలుపెడుతున్నాను.

మూడు మొక్కలను ఎంచుకున్నాం. తామర ఆకు నీటి మీద తేలుతుంది, పెరిగేకొద్దీ నీటికి పైగా లేచి ఎండలో నిలుస్తుంది. కలువ ఆకు సాధారణంగా నీటి మీద తేలే ఉంటుంది. హైడ్రిల్లా పూర్తిగా నీటిలో మునిగి బతుకుతుంది. ఈ మూడింటిలోనూ నీటిని మోసే కణాల గోడలు ఎలా ఉన్నాయి, ఆ తేడా మొక్క బతుకుతున్న తీరుతో సరిపోతుందా అన్నవే మా ప్రశ్నలు.

జూలై 6

తెల్లవారేసరికి చెరువు దగ్గరికి చేరాం. అక్కడ పూలు కోసి అమ్మే పెద్దాయన తెప్ప మీద మమ్మల్ని లోపలికి తీసుకువెళ్ళి, "పూలొదిలేసి తూళ్ళేం జేస్కుంటరు సారూ?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ఒక తూడును రెండుగా విరిచి, ముక్కలను మెల్లగా దూరం జరుపుతూ, వాటి మధ్య మెరిసే సన్నని పోగులను మాకు చూపించాడు. గబుక్కున లాగితే తెగిపోతుందని, లేత తూడులో సాగినంత ముదురు తూడులో సాగదని కూడా ఆయనే చెప్పాడు. ఈ రెండో మాటను నోటు పుస్తకంలో గీత గీసి రాసుకున్నాను, ఎందుకంటే దానిని సూక్ష్మదర్శిని కింద పరీక్షించవచ్చు.

తామర తూళ్ళలో మూడు వయసులవి తీసుకున్నాం: ఆకు ఇంకా చుట్టుకుని ఉన్నది, ఆకు అప్పుడే విప్పుకుని నీటి మీద పరుచుకున్నది, ఆకు నీటికి పైగా లేచి నిలిచినది. వాటితో పాటు బురదలోంచి ఒక దుంప ముక్కను, దాని కణుపు దగ్గరి వేళ్ళను కూడా తీసుకున్నాం. కోయగానే తెల్లని పాలు కారాయి. తామరలో పాలనాళాలు ఉంటాయి కాబట్టి అది సహజమే కానీ, ఆ పాలు గట్టిపడి కోసిన ముఖాన్ని మూసేస్తాయన్న సంగతి మాకు మరునాడు గానీ తట్టలేదు.

జూలై 8

రంగునీటి పరీక్ష మొదటిసారి పాడైపోయింది. గట్టు మీద కోసి తెచ్చిన తూళ్ళను నిన్న ఇయోసిన్ నీటిలో నిలబెడితే రంగు అంగుళం కూడా ఎక్కలేదు. పాలు అడ్డుపడి ఉండవచ్చు, గాలి బుడగలు చొరబడి నీటి స్తంభం తెగిపోయి ఉండవచ్చు. ఈ రోజు మళ్ళీ వెళ్ళి, తూడును నీటి అడుగునే కోసి, బకెట్టు నీటిలోనే ముంచి తెచ్చి, ప్రయోగశాలలో కొసను మరోసారి నీటి లోపలే కోసి, ఆకు అలాగే ఉంచి రంగులో పెట్టాం. కిటికీ పక్కన ఎండ తగిలేచోట రెండు గంటలు ఉంచాక కోసి చూస్తే, రంగు నాళికాపుంజాలలో (నీళ్ళను, ఆహారాన్ని మోసే గొట్టాల కట్టలలో) చిన్న ఎర్రచుక్కలుగా తేలింది.

ఈ కోతను విద్యార్థులందరికీ చూపించాను. తామరతూడును అడ్డంగా కోస్తే కంటికే కనిపించే పెద్ద రంధ్రాలు నాలుగు, వాటి చుట్టూ చిన్నవి అనేకం ఉంటాయి. నీళ్ళు ఆ రంధ్రాల గుండా పైకి పోతాయనే చాలామంది అనుకుంటారు. అవి గాలి గొట్టాలు. బురదలో పాతుకుని ప్రాణవాయువు అందని దుంపకు, వేళ్ళకు ఆకు నుంచి గాలిని చేరవేసేవి అవే. నీళ్ళు మోసేవి ఆ రంధ్రాల మధ్య ఉన్న పలుచని గోడలలో, తూడు అంచున ఉన్న కణజాలంలో చెదిరి ఉన్న నాళికాపుంజాలు మాత్రమే. ఇలాంటి తారుమారు కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు మార్సెల్లో మాల్పీగీ మొక్కలలో ఈ సర్పిలాకార నాళాలను చూసి, కీటకాల శ్వాసనాళాలను పోలి ఉన్నందువల్ల అవి మొక్క ఊపిరి పీల్చే గొట్టాలని భావించాడు. శ్వాసనాళం అన్న అర్థంలో ఆయన వాడిన ట్రేకియా అన్న మాటే నేటికీ నీళ్ళు మోసే కణాల ఇంగ్లీషు పేరు ట్రేకీడ్‌లో మిగిలిపోయింది.

జూలై 14

ఈ వారమంతా కోతలతోనే గడిచింది. తామరతూడు కణజాలం మెత్తనిది, గాలి గదులతో నిండి ఉంటుంది కాబట్టి తాజా ముక్కను బ్లేడుతో కోస్తే నలిగి ముద్దయిపోతుంది. 70 శాతం ఆల్కహాల్ 90 భాగాలు, ఎసిటిక్ ఆమ్లం 5 భాగాలు, ఫార్మలిన్ 5 భాగాలు కలిపిన ద్రవంలో ముక్కలను ఒక రోజు ఉంచి, తరువాత క్యారెట్ ముక్కను నిలువునా చీల్చి మధ్యలో ఇరికించి కోస్తే పని సాగింది. ప్రతి పది కోతలకు కొత్త బ్లేడు వాడాలన్నది మా అనుభవం; మొద్దుబారిన అంచు సర్పిలాలను కోయకుండా లాక్కుపోతుంది, అప్పుడు కోత అంతటా పోగుల చిక్కు తప్ప ఏమీ కనబడదు.

కటక స్కేలును కూడా సరిచూసుకున్నాం. స్టేజీ స్కేలు మీద ఒక మిల్లీమీటరు నూరు భాగాలుగా ఉంటుంది, అంటే ఒక్కో భాగం 10 మైక్రాన్లు. మా సూక్ష్మదర్శినిలో 10 రెట్ల వస్తుకటకంతో కంటికటకపు ఒక గీత 10 మైక్రాన్లకు, 40 రెట్ల కటకంతో 2.5 మైక్రాన్లకు సమానమని తేలింది. వేరే సూక్ష్మదర్శినికి మారితే ఈ లెక్క మళ్ళీ చేయాలి.

జూలై 20

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన పని ఈ రోజు చేశాం. తూడును విరిచి, రెండు ముక్కలను ఒక స్లైడు పైన మెల్లగా దూరం జరిపి, మధ్యలో సాగిన పోగులను ఒక చుక్క గ్లిజరిన్ మీద పడుకోబెట్టి, కవరు గ్లాసు మూశాం. 10 రెట్ల కటకంలో ఒక్క దారంగా కనిపించినది 40 రెట్లలో దారం కాదు, రిబ్బను. పక్కపక్కనే అంటుకుని సాగే ఐదారు సన్నని పోగులు కలిసి ఒక పట్టీగా ఉన్నాయి. ఒక్కో పోగు మందం ఒకటిన్నర గీతలు, అంటే సుమారు 4 మైక్రాన్లు. కొన్నిచోట్ల పట్టీ పూర్తిగా సాగి తిన్నగా ఉంది, కొన్నిచోట్ల లాగి వదిలిన స్ప్రింగులా వదులు చుట్లుగా మిగిలింది. స్లైడు అంచున, తూడు ముక్కకు దగ్గరగా, ఆ చుట్లు ఒకదానికొకటి ఆనుకుని గొట్టం ఆకారంలోకి మారడం చూశాక, ఈ పోగు ఎక్కడి నుంచి వస్తున్నదో ఇక నేను వివరించవలసిన అవసరం లేకపోయింది. ప్రశ్న అడిగిన అమ్మాయే మిగతావారిని పిలిచి చూపించింది.

ఇక్కడ కణ నిర్మాణం గురించి కొంత వివరంగా రాసుకోవాలి. నీటిని మోసే కణం తయారయ్యేటప్పుడు మొదట పలుచని ప్రాథమిక కణకవచం ఉంటుంది. కణం చనిపోయే ముందు దాని లోపలి వైపున సెల్యులోజ్, గట్టితనాన్నిచ్చే లిగ్నిన్ కలిసిన ద్వితీయ కవచం ఏర్పడుతుంది. ఈ ద్వితీయ కవచం గోడ అంతా పూత పూసినట్టు ఉండదు. మొదట ఏర్పడే ప్రథమదారువులో ఉంగరాల వరుసగానో, సర్పిలంగానో ఉంటుంది, తరువాత వచ్చే అంత్యదారువులో సాధారణంగా నిచ్చెన మెట్లలా, వలలా, లేదా గర్తాలతో (చిన్న గుంటలతో) కూడిన దళసరి గోడగా ఉంటుంది. కణంలోని జీవపదార్థం కరిగిపోయేటప్పుడు చుట్ల మధ్య ఉన్న ప్రాథమిక కవచంలో కొంత భాగం కూడా కరుగుతుంది. మిగిలేది ఒక బోలు గొట్టం, దానిని లోపలి నుంచి నిలబెట్టే చుట్టు. చుట్టుకూ చుట్టుకూ మధ్య గోడ బలహీనం కాబట్టి, తూడును విరిచి లాగినప్పుడు గోడ చిరిగి సర్పిలం ఊడి వస్తుంది.

తామరలో ఈ సర్పిలం ఇంత పొడవుగా సాగడానికి కారణం మొక్క పెరిగే తీరులోనే ఉందని నేను అనుకుంటున్నాను. దుంప బురదలో ఉంటుంది, ఆకు వెలుతురులోకి రావాలి, మధ్యలో నీటి లోతు ఉంటుంది, వానలకు ఆ లోతు ఇంకా పెరుగుతుంది. తూడు త్వరత్వరగా పొడవు సాగాలి, సాగుతూనే ఆకుకు నీళ్ళందించాలి. అప్పటికే చనిపోయి గొట్టంగా మారిన కణం తనంతట తాను పెరగలేదు. చుట్టూ ఉన్న బతికిన కణాలు పెరిగేకొద్దీ అది కూడా సాగవలసిందే. దళసరి గోడ ఉన్న గొట్టమైతే చిట్లిపోతుంది, స్ప్రింగు ఉన్న గొట్టమైతే సాగుతుంది. ఉంగరాలు, సర్పిలాలు లేత భాగాలలో కనిపించడం నేలమొక్కలలో కూడా ఉన్న సంగతే కానీ, తామరలో ఆ అవసరం మరీ పెద్దది.

బిసతంతువు (తామరతూడు పోగు) అన్న మాటను మా అమ్మమ్మ రోజూ చదివే స్తోత్రంలో చిన్నప్పుడే విన్నాను. అత్యంత సూక్ష్మమైనదానికి పోలికగా ఆ పోగును ఎంచుకున్నవారు దానిని కంటితోనే చూసి ఉంటారు. మయన్మార్‌లోని ఇన్లే సరస్సు ఒడ్డున నేటికీ తూళ్ళను కొద్దిగా కోసి, విరిచి, పోగులను లాగి, తడిపిన బల్ల మీద అరచేతితో ఒత్తి దారం చేసి బట్ట నేస్తారు. ఆ బట్టలోని ప్రతి పోగూ ఒకప్పుడు నీటి గొట్టం లోపలి గోడ అన్న సంగతిని ఈ స్లైడు చూపించకుండా నమ్మించడం కష్టమే.

జూలై 27

కలువ తూడు కోతలలో పొరబడ్డాం. సాఫ్రనిన్ వేసి కడిగాక గాలి గదుల అంచుల్లో ముదురు ఎరుపు రంగులో కొమ్ములు చాచిన కణాలు కనిపించాయి. లిగ్నిన్ ఉన్న గోడలు సాఫ్రనిన్‌తో ఎర్రబడతాయి కాబట్టి ఒక విద్యార్థి వాటిని దారుకణాలుగా గుర్తించి బొమ్మ వేశాడు. అవి నీళ్ళు మోసేవి కావు. మెత్తని తూడుకు బిగువునిచ్చే నక్షత్రాకార దృఢకణాలు. వాటి గోడలలో సున్నపు ఆక్సలేట్ స్ఫటికాలు పొదిగి ఉంటాయి. రంగును మాత్రమే నమ్మితే ఇలాంటి పొరపాటు జరుగుతుంది. కణం ఎక్కడ ఉంది, నాళికాపుంజంలో ఉందా లేదా అన్నది ముందు చూడాలి.

అసలు దారువు కలువలో చాలా తక్కువ. ఒక్కో పుంజంలో ఆహారాన్ని మోసే పోషకకణజాలం నిండుగా ఉంటుంది, దాని పక్కన గుండ్రని ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ అంచున ఒకటి రెండు ఉంగరాల ముక్కలు వేలాడుతూ కనిపిస్తాయి. ఇది ప్రథమదారు కుహరిక. తూడు సాగినప్పుడు మొదటి కణాలు తట్టుకోలేక చిరిగి, వాటి స్థానంలో ఏర్పడిన కాలువ అది.

తామర, కలువ ఒకేలా కనిపించినా చుట్టాలు కావన్నది కూడా ఇక్కడే రాసుకోవాలి. పూర్వపు వర్గీకరణలలో రెండింటినీ ఒకే కుటుంబంలో ఉంచేవారు. డీఎన్ఏ ఆధారాలు వచ్చాక కలువ కుటుంబం ఆవృతబీజాల (పూలు పూసే మొక్కల) వంశవృక్షంలో మొదట్లో విడిపోయిన కొమ్మలలో ఒకటిగా నిలిచింది; తామర మాత్రం ప్రోటియేలిస్ క్రమంలోకి, అంటే మన అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ ఉన్న క్రమంలోకి చేరింది. కాబట్టి ఈ రెండింటి దారువులో పోలిక కనిపిస్తే అది వారసత్వమని వెంటనే అనకూడదు. నీటిలో బతకడం వల్ల విడివిడిగా వచ్చి ఉండవచ్చు.

ఆగస్టు 3

హైడ్రిల్లా. ఫ్లోరోగ్లూసినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే లిగ్నిన్ ఉన్నచోట గులాబీ ఎరుపు రావాలి. తామర సర్పిలాలు క్షణాల్లో ఎర్రబడ్డాయి. హైడ్రిల్లా కణుపుల మధ్య భాగం నుంచి తీసిన కోతలు ఇరవై చూశాం. ఒక్కదానిలోనూ ఎరుపు రాలేదు. నడుమ ఒక కాలువ, దాని చుట్టూ పలుచని గోడల కణాలు, వాటి చుట్టూ పోషకకణజాలం, అంతశ్చర్మం అనే పొర, ఆపై గాలి గదులున్న వల్కలం అనే బయటి కణజాలం. కణుపుల దగ్గర ఇంకా వెతకాలి.

దారువు క్షీణించిందన్న పాఠ్యవాక్యం ఇక్కడ నిజమే. అయితే గోడ క్షీణించినంత మాత్రాన పని ఆగిపోయిందని అనుకోవడం తప్పు, ఇన్నాళ్ళూ నేను విద్యార్థులకు తెలియకుండానే ఆ అర్థం ఇచ్చాను. నీటిలో మునిగిన ఆకు నుంచి బాష్పోత్సేకం జరగదు కనుక నీళ్ళను పైకి లాగే బలం ఉండదన్నది సరే. కానీ డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఓలే పెడర్‌సన్ 1993లో ప్రచురించిన పరిశోధనలో, మునిగి ఉన్న మొక్కలలో కూడా వేళ్ళ నుంచి ఆకుల వైపు నీళ్ళు ప్రవహిస్తాయని, దానికి వేరుపీడనం (వేళ్ళు నీళ్ళను పైకి నెట్టే బలం) కారణమని చూపించాడు. బురదలోని పోషకాలు లేత చిగుళ్ళకు చేరడానికి ఆ ప్రవాహం ఉపయోగపడుతుంది.

గొట్టం గోడకు మందం ఎందుకు కావాలన్నది ఈ రెండు మొక్కలను పక్కపక్కన పెట్టినప్పుడు స్పష్టమైంది. తామరాకు ఎండలో నిలిచి పైముఖంలోని పత్రరంధ్రాల గుండా నీటిని ఆవిరిగా వదులుతుంది, అప్పుడు గొట్టంలో నీళ్ళు పైనుంచి లాగబడతాయి, లోపల పీడనం తగ్గి గోడలు లోపలికి ముడుచుకునే ప్రమాదం ఉంటుంది. సర్పిలం ఆ ముడుతను ఆపుతుంది. హైడ్రిల్లాలో నీటిని కింది నుంచి నెట్టే బలమే ఉంది కాబట్టి గోడ లోపలికి కూలదు; అందువల్ల మందం లేకపోయినా నష్టం లేదు.

ఆగస్టు 15

నాలుగు రోజులుగా కణాలను విడదీసే పని జరుగుతున్నది. తామర తూడు, వేళ్ళ నుంచి తీసిన అగ్గిపుల్ల మందం ముక్కలను గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సమపాళ్ళలో కలిపిన ద్రవంలో 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒకటిన్నర రోజు ఉంచాం. మూత బిగించకూడదు, వాయువు చేరి సీసా పగలవచ్చు. ఆవిరి కళ్ళకు, గొంతుకు హాని చేస్తుంది కాబట్టి గాలి వెళ్ళే చోటే చేయాలి. ముక్కలు తెల్లబడ్డాక నీటితో అనేకసార్లు కడిగి, సాఫ్రనిన్ వేసి, సూదులతో చిదిమి చూశాం.

తూడు కణాల పొడవు కొలవలేకపోయాం. గోడ కరిగాక సర్పిలం తనంతట తానే విప్పుకుని, ఏ కణం ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. వేరు కణాలు మాత్రం చక్కగా విడివడ్డాయి. వాటిలో కొన్నింటి కొసలు ఏటవాలుగా, నిచ్చెన మెట్ల వంటి అడ్డకమ్మీలతో ఉన్నాయి. ఆ మెట్ల మధ్య గోడ పూర్తిగా తెరుచుకుని ఉంటే అది దారునాళపు కణం. పలుచని గర్తత్వచం (గర్తాన్ని మూసే పొర) ఇంకా మిగిలి ఉంటే అది దారుకణం. తేడా అంతే. కానీ ఆ త్వచం ఎంత పలుచనిదంటే, మా 100 రెట్ల నూనె కటకంతో కూడా ఉందో లేదో చెప్పలేం. పైగా కణాలను విడదీసే ద్రవమే ఆ త్వచాన్ని కరిగించి ఉండవచ్చు. కాబట్టి ఈ స్లైడ్లను చూసి "దారునాళం" అని రాయవద్దని విద్యార్థులకు చెప్పాను. "నిచ్చెన మెట్ల వంటి కొస ఉన్న కణం" అని మాత్రమే రాశారు.

నీటిమొక్కల విషయంలో ఈ సందేహం మాది మాత్రమే కాదు. ఎడ్వర్డ్ స్నైడర్, షెర్విన్ కార్ల్‌క్విస్ట్ అనే శాస్త్రజ్ఞులు స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తామరను పరిశీలించి, అందులో దారునాళాలున్నాయని 1996లో ప్రచురించారు. ఆ తరువాత 2009లో వారే కలువ కుటుంబానికి చెందిన విక్టోరియా, యూరియేల్ మొక్కల కాండంలోని దారుకణాలకు, మామూలు ఆవృతబీజాలలో కనిపించని సూక్ష్మనిర్మాణం ఉందని వర్ణించారు. యూరియేల్ అంటే మనం మఖానాగా తినే గింజల మొక్క. దారుకణానికీ దారునాళానికీ మధ్య గీత పుస్తకంలో ఉన్నంత గట్టిగా మొక్కలో ఉండదన్న నా నమ్మకం ఈ వారం బలపడింది.

ఆగస్టు 24

చెరువు దగ్గర పెద్దాయన చెప్పిన మాటను పరీక్షించాం. కాంతిని ఒకే తలంలో వదిలే రెండు ధ్రువణ ఫిల్ములు కొని, ఒకటి దీపం మీద, ఒకటి కంటికటకం మీద అడ్డంగా తిప్పి పెడితే, నల్లని నేపథ్యంలో సర్పిలాలు మాత్రమే తెల్లగా వెలిగాయి. ద్వితీయ కవచంలో సెల్యులోజ్ పోగులు వరుసగా పేర్చి ఉండటమే ఆ వెలుగుకు కారణం. రంగు వేయకుండానే లెక్కించే వీలు కలిగింది.

ఆకు చుట్టుకుని ఉన్న తూడు నిలువుకోతలలో చుట్లు దగ్గర దగ్గరగా, దాదాపు ఒకదానినొకటి ఆనుకుని ఉన్నాయి. నీటిపైకి లేచిన తూడులో రెండు రకాలు కనిపించాయి: చుట్లు బాగా ఎడంగా సాగిపోయి, కొన్ని తెగి కుహరికలో కలిసిపోయిన పాత కణాలు, వాటి పక్కన తూడు సాగడం ఆగాక ఏర్పడినట్టు అనిపించే, చుట్లు బిగువుగా ఉన్న కొత్త కణాలు. లేత తూడులో ఇంకా విప్పుకోని చుట్లు ఎక్కువ, అందుకే దారం ఎక్కువ సాగుతుందని ఒక వివరణ. ముదురు తూడులో చుట్ల మధ్య గోడ దళసరి కావడం వల్ల సర్పిలం ఊడిరాకపోవడం మరొకటి. ఈ రెండింటిలో ఏది ఎంత కారణమో మా కోతలు చెప్పడం లేదు. ఒకే తూడులో కింది నుంచి పైవరకు ఐదు చోట్ల కోసి లెక్కిస్తే తెలియవచ్చు.

సెప్టెంబరు 2

విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వాడుకోవడానికి అనుమతి దొరికింది. పెరాక్సైడ్ తగలని తాజా వేర్లను, తూళ్ళను ఫార్మలిన్ ద్రవంలో ఉంచి, 50 శాతం ఆల్కహాల్‌లోకి, అక్కడి నుంచి 70 శాతంలోకి మార్చాం. గాలిలో ఆరబెడితే గర్తత్వచం చిరిగి లేని రంధ్రం ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి క్రిటికల్ పాయింట్ పద్ధతిలో ఆరబెట్టమని అడిగాం. ఆరు సీసాలు: తామర వేరు రెండు, తామరతూడు రెండు, కలువ తూడు ఒకటి, హైడ్రిల్లా కణుపు ఒకటి. ఆల్కహాల్ తగిలితే పెన్ను సిరా చెరిగిపోతుంది కనుక పెన్సిలుతో రాసిన చీటీలను సీసాల లోపలే వేశాం. మా వంతు ఈ నెల 19న వస్తుంది. ఈలోగా ఐదు చోట్ల కోతలు పూర్తి చేయాలి. దానికి రేపు తెల్లవారుజామున మళ్ళీ చెరువుకు వెళుతున్నాం.